పిలువని పేరంటము

పిలువని పేరంటమునకు పోరాదని మన యిండ్లలో పెద్దలు చెప్పుచుందురు. పోయినవారికి తాంబూల మిచ్చుటకు చేతులు రావు. పొమ్మనుటకు నోరు రాదు. 1959లో విడుదలయిన వాల్ట్ డిస్నీ సంస్థవారి ‘స్లీపింగ్ బ్యూటీ’ అను కార్టూను చిత్రము సరిగా ఇట్టి పేరంటముతోనే ఆరంభమగును. రాజుగారికి కూతురు పుట్టినది. రాజ్యమంతయు ఉత్సవమునకు తరలివచ్చినది. దేవతలు శిశువునకు వరము లిచ్చుచున్నారు. అంతలో పెనుగాలి వీచి, మెరుపు మెరసి, సభామధ్యమున కొమ్ముల శిరోవేష్టనముతో, నలుపు ఊదా రంగుల నిలువుటంగీతో ఒక మాంత్రికురాలు ప్రత్యక్షమగును. ఆమె పేరు మలెఫిసెంట్. ఆమె నెవరును పిలువలేదు.

చిత్రము చూచి వచ్చినవారిలో రాకుమారుని ముఖమును జ్ఞప్తియందుంచుకొన్నవారు కొందరే. మలెఫిసెంట్ ముఖమును మరచినవారు మాత్రము లేరనవచ్చును. రాముని చిత్రించుటకు పూనిన బాలుడు తడబడును గాని, పది తలల రావణుని గీయుమన్నచో వెంటనే బొగ్గు చేతబట్టును. మంచితనమునకు ఆకృతి కల్పించుట కష్టము; దుష్టత్వము తన ఆకృతిని తానే వెంటబెట్టుకొని వచ్చును.

గడచిన నాలుగైదు దశాబ్దములలో న్యూయార్కు మొదలగు మహానగరములలో ఈ రహస్యమును గ్రహించిన చిత్రకారులు కొందరు బయలుదేరిరి. కార్టూను చిత్రములలోని పాత్రలను, అందు ముఖ్యముగా దుష్టపాత్రలను, వాని చిహ్నములను గైకొని వారు వీథి గోడలపై గీసిరి. పిమ్మట అవే రూపములు అచ్చు చిత్రములై, చిన్న చిన్న ప్రతిమలై, సంఖ్యలు వేయబడి, సంగ్రాహకుల అద్దపు బీరువాలలోనికి చేరినవి. దీనిని వీథి పాప్ కళ యందురు. పాప్ అనగా జనసామాన్యమునకు ప్రియమైనది యని భావము. ఈ కళ యెట్లు పుట్టినదో, ఎట్లు పెరిగినదో చెప్పుట మా ఉద్దేశము. దానితోపాటు ఒక ప్రశ్నయు కలదు. పిలువకయే వచ్చిన అతిథిని మనమే పిలిచి పీట వేసి కూర్చుండబెట్టిన పిమ్మట, అతనియందు మిగులునదేమి?

మొదట ఈ దుష్టపాత్రల వంశవృక్షమును చూతము. డిస్నీ చిత్రములలో నేటికిని కనబడుచున్న పాత్రలలో మిక్కిలి పెద్దవాడు నాయకుడు కాడు, ప్రతినాయకుడే. అతని పేరు పీట్. మిక్కీ అను మూషికము ‘స్టీమ్‌బోట్ విల్లీ’ చిత్రములో లోకమునకు పరిచయమైనది 1928లో. పీట్ 1925లోనే తెరకెక్కెను. ఆ ‘స్టీమ్‌బోట్ విల్లీ’లో మిక్కీని దండించు ఓడ అధికారియు ఈ పీటే. 1933లో వచ్చిన ‘మూడు పందిపిల్లలు’ అను చిత్రములోని తోడేలు మరియొక ప్రసిద్ధుడు. అమెరికాలో ఆర్థికమాంద్యము ప్రబలి, పనులు లేక ప్రజలు అలమటించు దినము లవి. వాకిట నిలిచి ఇంటిని ఊది కూల్చెదనను తోడేలును చూచి, అది ఆకలియే యని జనులు తలచిరి. 1937లో స్నోవైట్ కథలోని రాణియు, 1953లో పీటర్‌పాన్ కథలోని ఓడదొంగ హుక్కును, 1959లో మలెఫిసెంటును, 1961లో కుక్కపిల్లల చర్మముతో కోటు కుట్టించుకొనగోరిన క్రుయెల్లాయు వరుసగా వచ్చిరి.

ఈ చివరి యిరువురిని చిత్రించి నడిపించినవాడు మార్క్ డేవిస్ అను చిత్రకారుడు. వారి రూపములను పరికించినచో వీథి గోడకు వారెందుకు తగుదురో తెలియగలదు. మలెఫిసెంటును నల్లని నీడగా మాత్రమే చూపినను రెండు కొమ్ములును అంగీ అంచులును ఆమెను పట్టియిచ్చును. క్రుయెల్లా జుట్టులో సగము నలుపు, సగము తెలుపు. చేతులకు ఎఱ్ఱని తొడుగులు. నాయికా నాయకుల ముఖములు గుండ్రముగా, సమముగా, మృదువుగా నుండును. వారి అందమంతయు సున్నితమైన కదలికలోనే యున్నది. దుష్టపాత్ర కదలకున్నను చూపరిని నిలువరించును. గోడమీది బొమ్మకు కదలిక లేదు. దాని యెదుటినుండి బస్సులో పోవువాడు రెండు మూడు క్షణములకంటె ఎక్కువ చూడడు. ఆ క్షణములలో గుర్తింపదగినది వాడియైన రేఖయు, గాఢమైన వర్ణమును గల రూపమే. అది సాధారణముగా ప్రతినాయకునిది.

కార్టూను బొమ్మలు చిత్రకళలో అడుగిడుటకు పూర్వరంగము 1961లో జరిగినది. ఆ సంవత్సరము ఏప్రిలులో ఆండీ వార్హాల్ తాను కార్టూను పాత్రలను చూచి వ్రాసిన చిత్రములను న్యూయార్కులోని ఒక పెద్ద దుస్తుల దుకాణపు అద్దాల కిటికీలో, బొమ్మలకు తొడిగిన గౌనుల వెనుక, ప్రదర్శించెను. వానిని మొదట చూచినవారు కళావిమర్శకులు కారు. కాలిబాటపై నడచిపోవు జనులు. ఆ యేడే రాయ్ లిక్టెన్‌స్టైన్ మిక్కీ, డోనాల్డ్ అను రెండు డిస్నీ పాత్రలతో ‘లుక్ మిక్కీ’ యను తైలవర్ణ చిత్రము రచించెను. ఇరువది సంవత్సరముల తరువాత, 1981లో, వార్హాల్ ‘మిత్స్’ అను పేర పది అచ్చు చిత్రముల సంపుటిని వెలువరించెను. అందులో మిక్కీ యున్నాడు, సూపర్‌మాన్ ఉన్నాడు; వారి సరసనే ఒక మంత్రగత్తెయు కలదు. 1939 నాటి ‘విజార్డ్ ఆఫ్ ఓజ్’ చలనచిత్రములో దుష్టమంత్రగత్తె వేషము ధరించిన నటి మార్గరెట్ హామిల్టన్ స్వయముగా వచ్చి ఆ చిత్రమునకు కూర్చుండెను. ఆ సంపుటి 200 ప్రతులు మాత్రమే అచ్చయినది. దుష్టపాత్రయు, పరిమిత సంఖ్యయు ఒకచోట చేరిన తొలి ఉదాహరణములలో ఇది యొకటి.

అయితే ఇవి వీథిలోనికి రానిచ్చిన చిత్రములు, లేక గోడలలోపల నున్నవి. అదే కాలమున న్యూయార్కు భూగర్భ రైళ్లపై వేరొక కళ సాగుచుండెను. పేదపేటల బాలురు రాత్రివేళ రైలుశాలలలో ప్రవేశించి, స్ప్రే రంగు డబ్బాలతో పెట్టెలపై తమ మారుపేర్లను పెద్ద పెద్ద అక్షరములతో వ్రాసెడివారు. ఆ అక్షరముల ప్రక్కన ఒక పాత్ర నిలువవలెను. అక్షరమునకు కాపలాదారు వంటి దన్నమాట. ఆ పాత్రను వారు కార్టూను పుస్తకములనుండి తెచ్చుకొనిరి. వాన్ బోడే అను హాస్యచిత్రకారుని బొమ్మలు రైళ్లపై విరివిగా కనబడెను. 1978లో లీ కిన్యోనెస్ అను యువకుడు హవర్డ్ అను కార్టూను బాతును ఒక బంతియాట స్థలపు గోడనిండ చిత్రించెను. మార్తా కూపర్, హెన్రీ చాల్‌ఫంట్ అను ఇరువురు ఛాయాగ్రాహకులు ఈ రైలుచిత్రములను ఫోటోలు తీసి 1984లో గ్రంథముగా ప్రకటించిరి. 1989 మే నెల నాటికి రైలు అధికారులు పెట్టెలన్నిటిని కడిగివేసిరి. ఛాయాచిత్రము లేకున్నచో ఆ కళ ఆనవాలుకూడ మిగిలెడిది కాదు.

కడిగివేయుట ఒక ప్రమాదము. దానికంటె విచిత్రమైన ప్రమాదము మరియొకటి కలదు. కీత్ హారింగ్ అను చిత్రకారుడు 1980 మొదలు భూగర్భ స్టేషనులలో గడువు తీరిన ప్రకటనలపై అంటించిన నల్లకాగితముల మీద తెల్లసుద్దతో బొమ్మలు గీసెడివాడు. పోలీసులు పలుమారు పట్టుకొనిరి, జరిమానా వేసిరి. అతడు మానలేదు. కాని కొన్నాళ్లకు అతని పేరు పెరిగినకొలది జనులు ఆ నల్లకాగితములనే పెకలించి తీసికొనిపోవ నారంభించిరి. ఉదయమున గీసినది సాయంకాలమునకు ఎవరి యింటనో చేరెడిది. పదిమంది కొరకు గీసిన బొమ్మ ఒక్కని సొత్తయ్యెను. 1985 నాటికి హారింగ్ సుద్దబొమ్మలు మానుకొని, మరుసటి యేడు ‘పాప్ షాప్’ అను చిన్న దుకాణము తెరచెను. బిళ్లలు, బనియనులు, గోడపత్రికలు చవుకగా అమ్మి, దొంగిలింపవలసిన అవసరము లేకుండ చేయుట అతని తలంపు. 1990లో అతడు మరణించినను ఆ దుకాణము 2005 వరకు నడచినది.

ఇప్పుడు మన కథకు కేంద్రమైన వ్యక్తిని ప్రస్తావింతము. బ్రయన్ డానెలీ 1974లో న్యూయార్కు సరసనున్న జెర్సీ సిటీలో జన్మించెను. గోడలపై అతడు వ్రాసికొన్న పేరు ‘కాజ్’. దాని కర్థము లేదు. ఆ నాలుగు ఆంగ్లాక్షరములు ఒకదాని ప్రక్కన ఒకటి చూచుటకు బాగుండెనట. 1996లో చిత్రకళాశాలనుండి పట్టము పొందిన పిదప అతడు కొంతకాలము కార్టూను చిత్రములకు వెనుకతెరలకు రంగులు వేయు ఉద్యోగము చేసెను. అట్లు అతడు పనిచేసిన ధారావాహికలలో ఒకటి, మనము పైని చెప్పిన క్రుయెల్లా కథయే. ఆ యేండ్లలోనే అతడు బస్సు ఆగు చోటులందును, టెలిఫోను గదులందును అద్దముల వెనుక నుండు ప్రకటన చిత్రములను తీసికొనిపోయి, వానిలోని సుందరీమణుల ముఖములపై పుఱ్ఱెయు అడ్డుఎముకలును చిత్రించి, కళ్ల స్థానమున ఇంటు గుర్తు లుంచి, ఎప్పటివలె తిరిగి అమర్చెడివాడు. కుంచె జాడ తెలియనంత నునుపుగా రంగు వేయుటచే, ప్రకటన ఆ విధముగనే అచ్చయినదని చూపరులు భ్రమపడెడివారు.

పుఱ్ఱెయు అడ్డుఎముకలును ఎవరి చిహ్నము? కార్టూను చిత్రములు చూచిన ప్రతి బాలుడు చెప్పగలడు: ఓడదొంగలది, విషపు సీసాలది, దుష్టులది. 1999లో కాజ్ జపానుదేశపు ‘బౌంటీ హంటర్’ అను బొమ్మల సంస్థతో కలిసి ‘కంపానియన్’ అను చిన్న ప్రతిమను చేయించెను. దాని లాగు, చేతి తొడుగులు, పెద్ద పాదరక్షలు మిక్కీవి. తల మాత్రము ఇంటు కళ్లతో కూడిన పుఱ్ఱె. నాయకుని దేహముపై ప్రతినాయకుని చిహ్నము శిరస్సై నిలిచిన దన్నమాట. మంచిచెడ్డలు రెండును వేరువేరు పాత్రలకు పంచియిచ్చిన పాత కార్టూను నీతి ఈ బొమ్మలో ఒకటే శరీరములో ఇమిడినది. అందుకే కాబోలు అది భయపెట్టదు. తరువాతి రూపములలో రెండుచేతులతో ముఖము కప్పుకొని సిగ్గుపడుచున్నట్లుండును. ఆ మొదటి బొమ్మలు కొద్ది వందలు మాత్రమే చేయబడి, త్వరలోనే అమ్ముడుపోయినవి.

ఇట్టి బొమ్మలను జపానులో చేయు పద్ధతి తెలిసికొనదగినది. మొదట మైనముతో మూలరూపమును మలచుదురు. విద్యుచ్ఛక్తి సహాయమున దానిపై రాగిపొర నెక్కించి, లోని మైనమును కరిగించి తీసివేసినచో లోహపు మూస యేర్పడును. ద్రవరూపమున నున్న వినైలును మూసలో పోసి వేడిచేయుదురు. లోహమునకు అంటిన పొర గట్టిపడును. నడుమ మిగిలిన ద్రవమును తిరిగి వంపివేయుదురు. బొమ్మ వేడిగా, మెత్తగా ఉన్నప్పుడే పట్టకారుతో లాగి వెలికితీయుదురు. తరువాత రంగు వేయుదురు. ఒక్క మూసనుండి చాల బొమ్మలు తీయవచ్చును. కనుక ఇందు అరుదుతనము స్వభావసిద్ధమైనది కాదు. ఇన్నియే చేయుదుమని కళాకారుడు తనకు తాను గీసికొన్న గీత. అచ్చు చిత్రములకును ఇదియే న్యాయము. చిత్రము క్రింద 37/200 అని యున్నచో రెండువందల ప్రతులలో అది ముప్పదియేడవ దని యర్థము. ఆ చిన్న భిన్నసంఖ్యయే వెలను నిర్ణయించు ప్రధానాంశములలో నొకటి.

ఆ వెల యెంతవరకు పోయినదో రెండు దృష్టాంతములు చాలును. 2017లో న్యూయార్కు ఆధునిక కళాశాల దుకాణమువారు కంపానియన్ బొమ్మలను 200 డాలర్ల చొప్పున అమ్మజూపగా, కొనువారి తాకిడికి వారి అంతర్జాల విక్రయశాలయే స్తంభించిపోయెను. 2019 ఏప్రిలులో హాంకాంగులో జరిగిన సోథెబీ వారి వేలములో ‘ది కాజ్ ఆల్బమ్’ అను 2005 నాటి చిత్రము, అరువదినుండి ఎనుబది లక్షల హాంకాంగు డాలర్లు పలుకునని అంచనా వేయబడినది, 11 కోట్ల 59 లక్షల హాంకాంగు డాలర్లకు అమ్ముడుపోయెను. ఇది ఆనాటి మారకమున దాదాపు 1 కోటి 48 లక్షల అమెరికా డాలర్లు. ఆ చిత్రమేమి? బీటిల్స్ అను గాయకబృందపు గ్రామఫోను రికార్డు అట్టను అనుకరించిన ‘సింప్సన్స్’ కార్టూను చిత్రమును తిరిగి కాజ్ అనుకరించినది. అనుకరణకు అనుకరణ! పూర్వము అతడు ప్రకటన చిత్రములను వీథినుండి తీసికొనిపోయెడివాడు. పిమ్మట అతడు మార్చి పెట్టినవానిని ఇతరులు తీసికొనిపోవ మొదలిడిరి. నేడు అతని బొమ్మలకు నకిలీలును విరివిగా బయలుదేరినవి.

ఇచట న్యాయమునకు సంబంధించిన చిక్కు కలదు. ఇతరులు సృష్టించిన పాత్రను తీసికొనుటకు చిత్రకారునకు హక్కున్నదా? 1971లో సాన్‌ఫ్రాన్సిస్కోలో డాన్ ఓనీల్ మొదలగు యువ హాస్యచిత్రకారులు మిక్కీని పెద్దల వ్యసనములతో చిత్రించిన పుస్తకములు రెండు వెలువరించిరి. వారు తమ బృందమునకు పెట్టుకొన్న పేరు ‘ఎయిర్ పైరేట్స్’. అది 1930ల నాటి మిక్కీ కథలలో అతని శత్రువులైన ఆకాశపు దొంగల పేరే! డిస్నీ సంస్థ దావా వేసెను. పరిహాసమునకు కావలసినదానికంటె ఎక్కువగా మూలమును వాడుకొన్నారని 1978లో పునర్విచారణ న్యాయస్థానము వారికి వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. అయితే కాలము కూడ ఒక న్యాయమూర్తియే. 2024 జనవరి 1 నుండి ‘స్టీమ్‌బోట్ విల్లీ’ చిత్రము అమెరికాలో సర్వజనుల సొత్తయినది. నాటి మిక్కీతోపాటు అతనిని దండించిన పీట్ కూడ చెర విడిపించుకొని బయటికి వచ్చినాడు. తరువాతి కాలపు రూపములలో పెక్కింటికి మాత్రము ఆ స్వేచ్ఛ ఇంకను రాలేదు.

పాత్ర యెవరిదను ప్రశ్న వలెనే గోడ యెవరిదను ప్రశ్నయు కలదు. న్యూయార్కు క్వీన్స్ ప్రాంతమున ‘ఫైవ్ పాయింట్స్’ అను పాత కర్మాగారపు గోడలపై యజమాని అనుమతితోనే అనేక సంవత్సరములు దేశదేశముల చిత్రకారులు బొమ్మలు వేసిరి. 2013 నవంబరులో యజమాని ఒక రాత్రి తెల్లరంగు పూయించి వాని నన్నిటిని మాపివేసెను. తరువాత కట్టడమును కూల్చెను. 1990 నాటి దృశ్యకళాకారుల హక్కుల చట్టము క్రింద 2018లో న్యాయస్థానము 21 మంది చిత్రకారులకు 67 లక్షల 50 వేల డాలర్లు పరిహారముగా చెల్లింపుమనెను. 2020లో పై న్యాయస్థానమును దానినే స్థిరపరచెను. గోడ యజమానిదైనను, దానిపై వెలసిన కళ కేవలము గోడ కాదని ఆ తీర్పు సారాంశము.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. సంగ్రాహకుడు కొనునదేమి? వినైలు ముద్దయా, సంఖ్యయా, పేరా? ఈ మూడింటి వెనుక వేరొకటి ఉన్నదని మాకు తోచును. రాత్రివేళ పట్టుబడుదునేమో యను భయముతో, ఫలమపేక్షింపక, తెల్లవారి చూచువారి కొరకు ఎవరో చేసిన సాహసమును అతడు కొనగోరును. కాని దానిని కొనుట సాధ్యము కాదు. మలెఫిసెంట్ తలుపు తోసికొని వచ్చినది కాబట్టియే సభ గడగడలాడినది. ఆహ్వానపత్రిక అందుకొని, వరుసలో కూర్చుండి, ఫలహారము స్వీకరించినచో ఆమెయు పేరంటాండ్రలో ఒకతె యగును. అద్దపు బీరువాలో సంఖ్యతో నిలిచిన దుష్టపాత్ర అట్టిదే. అందముండును, వెలయుండును, వాడి తగ్గును.

అందుచే ఇట్టి వస్తువులను సేకరించుట తప్పని మేము చెప్పము. సేకరించువారు లేకున్న చిత్రకారుడు జీవించుట యెట్లు? వీథిలో ఎండకు వానకు మాసిపోవు రూపము నాలుగు తరములు నిలుచుట యెట్లు? కొనదలచినవారికి మా మనవి యిది: రేపు వెల పెరుగునని కొనకుడు, చూచిన ప్రతిసారి ఏదో యొకటి తోచునని కొనుడు. ప్రతి సంఖ్యను, కళాకారుని సంతకమును, అది యెవరి చేతినుండి వచ్చినదను వివరమును విచారించి కొనుడు. పిల్లలున్న యింట బొమ్మను బీరువాలో బిగింపక, దాని కథను వారికి చెప్పుడు.

సినిమా గోడపత్రికలను మైదా జిగురుతో అంటించిన మన గోడలును ఇటువంటి పాఠము చెప్పుచునే యున్నవి. నాయకుని ముఖము చినిగినను, కత్తి పట్టిన ప్రతినాయకుని కనుబొమ్మ ఒకటి గోడను పట్టుకొని వేలాడుచుండును. ఎపుడైన మీ యింటి బాలుడు కొత్తగా సున్నము వేసిన గోడపై బొగ్గుతో కోరల రాక్షసుని గీసినచో, మందలింపు ఎటులను తప్పదు. ఆ మందలింపునకు ముందు ఒక్క నిమిషము నిలిచి ఆ బొమ్మను చూడుడు. దానికి సంఖ్య లేదు, సంతకము లేదు, వెల లేదు. పిలువకయే వచ్చినది.